గూడంత దూరం

రోజుకి గూడంత దూరం.
అంతే. ఒక్కసారిగా ఎక్కువ లాగితే కోళ్ళు తడబడతాయి,
అసలు జరపకపోతే నేల బురదై కంపు కొడుతుంది.

ఆరడుగుల పొడవు, మూడున్నర వెడల్పు.
ఆపిల్ పెట్టెలు విప్పి కొట్టిన చెక్కలు;
లోపలి వైపు ఇంకా పచ్చ సిరాలో
ఏదో తోట పేరు, సగం.
పైన రేకు, చుట్టూ వల, అడుగు లేదు.
ఐదు కోళ్ళకి నేలే పళ్ళెం.

ఈ కొసన నేను. ఆ కొసన ఎవార్ట్, మా తమ్ముడు.
పక్కిల్లు వాడిది. కంచెలో పలకలు ఊడదీసి
గూటికి దారి చేశాం, మంచిగా ఉన్న రోజుల్లో.
పదకొండు రోజులు నా పెరట్లో,
తొమ్మిది రోజులు వాడి పెరట్లో.
గుడ్లు ఎవరి నేల మీద పడితే వాళ్ళవి.

వంటింటి కిటికీలోంచి చూస్తే
పెరడంతా గళ్ళ దుప్పటి:
నిన్నటి గడి గీరిన మట్టి,
మొన్నటిది పాలిపోయిన పసుపు,
మూడు వారాల కిందటిది
కళ్ళు చెదిరే పచ్చ.
తేదీ మర్చిపోతే నేను అక్కడే చూసుకుంటాను.

జూన్‌లో ఇక్కడ, టాస్మేనియాలో, చలి ఎముకలు కొరుకుతుంది.
తెల్లారేసరికి గడ్డి మీదంతా ఉప్పు చల్లినట్టు మంచు.
గూడు లేపితే దాని కింద మాత్రం
నల్లగా, తడిగా, కోళ్ళ ఒంటి వెచ్చన.

వాడితో మాటల్లేవు నాకు.
నాన్న పడవని నన్నడక్కుండా అమ్మేశాడు,
హ్యువాన్ నది మీద మా ఇద్దరినీ పెంచిన పడవ.
పాత సంగతి, కోడిగుడ్డుకి ఈకలు పీకకు,
అంది మరదలు డెల్ఫిన్.
పీకాను. రెండేళ్ళు పీకాను.

కోళ్ళకేం తెలుసు మా గొడవ?
ఏడింటికి వాడు కంచె సందులోంచి వస్తాడు,
చెవుల మీదికి లాక్కున్న ఊలు టోపీతో.
"ఎత్తు."
"ఊఁ."
"కాళ్ళు చూడు."
"దించు."
రోజుకి ఇన్నే మాటలు,
అందులోనూ సగం కోళ్ళ గురించి.

లేపినప్పుడల్లా చెక్క గుండా
నా అరచేతుల్లోకి సన్నటి వణుకొకటి వచ్చేది.
కోళ్ళ కంగారనుకున్నాను.
మార్జరీ అసలే పిరికిది,
ఒంటి నిండా మచ్చల క్వోల్ ఒకటి, పిల్లంత జంతువు,
రాత్రి వచ్చి వల గీరిపోయినప్పటి నుంచీ మరీను.

ఆగస్టులో ఒక పొద్దున
పేలమందు చల్లాలని
ఐదింటినీ బుట్టల్లోకి తీశాం.
ఖాళీ గూడు.
"ఎత్తు" అన్నాను.
వణుకు వచ్చింది.

గూట్లో ఎవరూ లేరు.

తల ఎత్తకుండా వాడి చేతుల వైపు చూశాను.
కుడి బొటనవేలు, లేని దారాన్ని చుడుతున్నట్టు,
తనంతట తానే ఆడుతోంది.
గట్టిగా పట్టుకుంటే ఆగుతుందనుకుంటున్నాడు కాబోలు,
వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి.
ఈ వేళ్ళు తెరచాప తాడుకి ముడి వేయలేవు,
చీకట్లో, తడిలో, ఆ నది గాలికి.
వాడు చెప్పలేదు.
నేను ఎందుకమ్మావనే అరిచాను గానీ
అడగలేదు.

"దించు" అన్నాడు.
దించాను.

ఆ సాయంత్రం కొట్టంలోంచి
పిల్లల సైకిల్ ఒకటి లాగి చక్రాలు విప్పాను.
వాడి కొసకి బిగించాను, టార్చి నోట కరచుకుని,
ఒక బోల్టు తిరగేసి పెట్టి, తిట్టుకుని, మళ్ళీ విప్పి.

పొద్దున వాడు వాటిని చూశాడు.
చాలాసేపు చూశాడు.
"నడుం నొప్పి" అన్నాను, "నాకు."
చక్రాలున్నది వాడి వైపని
ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది.

నేను లాగాను, వాడు వెనక నుంచి తోశాడు.
పదకొండో రోజు అది. కంచె సందులో
గూడు ఒరిగి ఆగిపోయింది.
వాడు వంగి, బొటనవేలితో నొక్కి చూసి,
"ఎడమ టైర్లో గాలి లేదు, ఎవరు కొట్టారు దీనికి,
అసలు కొట్టారా" అన్నాడు.
రెండేళ్ళలో వాడన్న అతి పొడుగు మాట.
పంపు తెస్తానని వెళ్ళాడు.

గూడు సగం నా వైపు, సగం వాడి వైపు.
మార్జరీ సరిగ్గా కంచె గీత మీద
గుడ్డుకి చోటు గీరుకుంటోంది.